ఆయిల్ సీల్ మార్చే ముందు రెండు రోజులు ఆగండి

పొద్దున్నే పికప్ వెనక్కి తీస్తే కింద నేల మీద అరచేయంత మరక కనిపించింది. మొదట పట్టించుకోలేదు, పాత బండి, ఆ మాత్రం చెమట పట్టదా అనుకున్నాను. వారం తిరిగేసరికి మరక పళ్లెమంత అయింది. మెకానిక్ వంగి చూశాడు, ఇంజన్‌కీ గేర్ బాక్స్‌కీ మధ్య వేలాడుతున్న బొట్టును వేలితో తుడిచి చూపించాడు, "బ్యాక్ సీల్ పోయింది సార్, గేర్ బాక్స్ దించాలి" అన్నాడు. (పిస్టన్లు తిప్పే ఇరుసు పేరు క్రాంక్, దాని రెండు కొసలా ఆయిల్ బయటికి రాకుండా ఆపే రింగులే సీళ్లు, వెనక కొసది బ్యాక్ సీల్.) వంగడం, చూడడం, తీర్పు చెప్పడం, అన్నీ కలిపి ఒక్క నిమిషం పట్టిందేమో.

ఆ ఒక్క నిమిషం గురించే నా గొడవంతా. ఇంట్లో రిపేర్ చేసుకోవాలని చెప్పేవాళ్లు సాధారణంగా డబ్బు మిగులుతుందంటారు. నిజమే, కానీ నా దృష్టిలో అసలు లాభం అది కాదు. ఆయిల్ లీకేజీలో సీల్ బిగించడం సగం పని కూడా కాదు, ఆయిల్ ఎక్కడి నుంచి వస్తోందో, ఎందుకు వస్తోందో కనుక్కోవడమే పని. దానికి కావలసింది నైపుణ్యం కన్నా తీరిక. షెడ్డులో వరసగా బండ్లు నిలబెట్టుకున్న మనిషికి ఆ తీరిక ఉండదు, ఆయన్ని తప్పుపట్టడానికీ లేదు. మనకు ఉంటుంది. కడిగి, ఆరబెట్టి, రెండు రోజులు తిప్పి, మళ్లీ కింద దూరి చూసే ఓపిక బండి సొంతదారుకి తప్ప ఇంకెవరికి ఉంటుంది?

ఆయిల్ పుట్టిన చోట కారదు, చేరిన చోట కారుతుంది. పైన ట్యాపెట్ కవర్ వెనక మూల ప్యాకింగ్ నుంచి ఊరిన ఆయిల్ ఇంజన్ వీపు మీదుగా జారి సరిగ్గా గేర్ బాక్స్ అతుకు దగ్గరే బొట్టు కడుతుంది. ముందు క్రాంక్ సీల్ నుంచి వచ్చేదైతే ఇంకా మాయ చేస్తుంది. తిరిగే పుల్లీ దాన్ని చిమ్ముతుంది, రేడియేటర్ ఫ్యాన్ గాలీ బండి నడిచేటప్పటి గాలీ కలిసి చాంబర్ (ఇంజన్ కింద ఆయిల్ నిలిచే తొట్టి) అడుగు వెంబడి వెనక్కి నెడతాయి, చివరకి ఎక్కడ ఆగుతుందంటే మళ్లీ అదే అతుకు దగ్గర. ఆయిల్ ప్రెషర్ స్విచ్, ఫిల్టర్ అడుగు రింగు, డ్రెయిన్ బోల్టు వాషర్, వీటిలో ఏది కారినా దారి వెనక్కే. అందుకే బ్యాక్ సీల్ మీద పడే నిందల్లో చాలా భాగం దాని తప్పు కాదు. అసలు అది ఇంజన్ ఆయిలేనా అన్నది కూడా చూడాలి. గేర్ ఆయిల్‌కి గంధకం కంపు ఉంటుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే మరిచిపోలేరు. ఆటోమేటిక్ గేర్ బాక్స్ ఆయిల్ చాలావరకు ఎర్రగా ఉంటుంది.

నేను మొదట చేసింది చిన్న పని. గేర్ బాక్స్ ముందు గంట ఆకారపు పెట్టె ఉంటుంది కదా, దాని అడుగున చిన్న రేకు మూత ఉంది, రెండు బోల్టులు. (అన్ని బండ్లకీ ఉండదు, కొన్నిటికి చిల్లు మాత్రమే ఉంటుంది.) మూత తీసి టార్చి వేసి చూశాను. బ్యాక్ సీల్ పోతే ఆయిల్ ఆ పెట్టె లోపలికి రావాలి, క్రాంక్ వెనక కొసన తిరిగే బరువైన చక్రం, ఫ్లైవీల్, దాన్ని చుట్టూ చిమ్మాలి. నాకు కనిపించింది క్లచ్ ప్లేట్ అరిగిన పొడి బూడిద. తడి లేదు. మూత బయటి వైపు మాత్రం ఆయిల్ ఓడుతోంది. గేర్ బాక్స్ దించాలా వద్దా అన్న ప్రశ్నకి రెండు బోల్టులు తీస్తే జవాబు దొరికింది.

తర్వాత కడగడం. ఇంజన్ చల్లారాక గ్రీజు పోగొట్టే ద్రావకం కొట్టి, బ్రష్‌తో రుద్ది, ఆల్టర్నేటర్‌కీ సెన్సర్ల ప్లగ్గులకీ కవర్లు కట్టి నీళ్లు పోశాను. ఏళ్ల తరబడి పేరుకున్న నల్ల బురద పోయి అల్యూమినియం రంగు బయటపడింది. పూర్తిగా ఆరాక అనుమానం ఉన్న చోటల్లా మామూలు టాల్కం పౌడర్ చల్లాను. నవ్వకండి. తెల్లటి పౌడర్ మీద ఆయిల్ దారి సన్నటి నల్ల గీతలా కనబడుతుంది, ఆ గీత వెంట పైకి పోతే మొదలు దొరుకుతుంది. ఇంకా పక్కాగా కావాలంటే ఇంజన్ ఆయిల్‌లో కలిపే ఫ్లోరసెంట్ రంగు దొరుకుతుంది. అది పోసి కొంత దూరం నడిపి, చీకట్లో అల్ట్రావయొలెట్ టార్చి వేస్తే ఆయిల్ ఉన్నచోటల్లా పసుపుపచ్చగా వెలుగుతుంది. నాకు పౌడర్ సరిపోయింది. రెండో రోజు సాయంత్రం చూస్తే వెనక భాగమంతా ఇంకా తెల్లగానే ఉంది, ముందు క్రాంక్ పుల్లీ వెనక మాత్రం ఇంజన్ ముందు మూత, అంటే టైమింగ్ కవర్ మీద అర్ధచంద్రం గీసినట్టు తడి. ఫ్రంట్ సీల్. అంటే ఇంజన్ మొత్తం పొడవున అవతలి కొసన ఉన్నది.

ఇక్కడ పికప్ గురించి ఓ మంచి మాట చెప్పాలి. చాలా కార్లలో ఇంజన్ అడ్డంగా ఉంటుంది, క్రాంక్ పుల్లీ టైరు పక్కన ఇరుకులో ఉంటుంది. పికప్‌లో సాధారణంగా ఇంజన్ నిలువుగా ఉంటుంది కాబట్టి పుల్లీ రేడియేటర్ వైపు చూస్తుంది. ఫ్యాన్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ తొడుగు, ఫ్యాన్, బెల్టు తీసేస్తే ఎదురుగానే ఉంటుంది. నాది టైమింగ్ చైన్ ఇంజన్ (వాల్వులు సరైన వేళకి తెరుచుకునేలా క్రాంక్ నుంచి తిప్పేది చైన్). టైమింగ్ బెల్టు ఇంజనైతే ఆ బెల్టు కూడా తీయాలి, తిరిగి గుర్తులకి సరిగ్గా కలపాలి, ఆయిల్ తడిసిన బెల్టును మళ్లీ వాడకూడదు. అది వేరే స్థాయి పని, మొదటిసారికి నేనైతే సలహా ఇవ్వను.

క్రాంక్ బోల్టు దగ్గర ఒక గంట పోయింది. ఇంజన్‌లో అన్నిటికన్నా గట్టిగా బిగించే బోల్టుల్లో అదొకటి, పానా వేసి లాగితే బోల్టుతో పాటు ఇంజన్ మొత్తం తిరుగుతుంది. మాన్యువల్ గేర్ కాబట్టి టాప్ గేర్‌లో వేసి మా తమ్ముణ్ణి బ్రేకు మీద కూచోబెట్టాను. పొడుగు గొట్టం తగిలించి లాగుతున్నా.

"అన్నా, ఇంకెంతసేపు తొక్కాలి?"

"ఒరేయ్ కాలు తియ్యకురా, వదులైతే నేనే చెప్తా."

"కాలు తిమ్మిరెక్కింది."

"రెండో కాలు పెట్టు."

టక్కుమని శబ్దం వచ్చింది. గొట్టం విరిగిందనుకున్నాను, బోల్టు వదిలింది. స్టార్టర్‌తో ఒక్కసారి తిప్పి బోల్టు వదిలించే చిట్కా చాలామంది చెబుతారు. పానా ఎగిరి చేతికో మొహానికో తగిలితే ఏమవుతుందో వాళ్లు చెప్పరు. నేను చేయను.

పుల్లీ లాగడంలో ఒక తప్పు దాదాపు చేశాను. మూడు కాళ్ల పుల్లర్ అరువు తెచ్చి పుల్లీ బయటి అంచుకు తగిలించాను, సగం తిప్పాక ఎందుకో అనుమానమొచ్చి ఆగాను. ఆ పుల్లీ ఒకే ముద్ద కాదు. లోపల హబ్, బయట బరువైన రింగు, రెండిటి మధ్య రబ్బరు పొర, క్రాంక్ వణుకును పీల్చుకోవడానికి. బయటి రింగును పట్టి లాగితే రబ్బరు ఊడొస్తుంది, సీల్ కోసం పోయి పుల్లీని పోగొట్టుకుంటాం. హబ్‌లోనే మర ఉన్న చిల్లులుంటాయి, వాటిలో బోల్టులు వేసి లాగే పుల్లర్ వేరే ఉంది, అదే వాడాలి.

ఇక సీల్. చేతిలోకి తీసుకుని చూస్తే ఒక ఇనప రింగు, దానికి అంటించిన రబ్బరు పెదవి, పెదవి వెనక బొంగరం తాడు కన్నా సన్నటి స్ప్రింగు. అంతే. కానీ అది చేసే పని చూడండి. 50 మి.మీ. హబ్ నిమిషానికి 3000 చుట్లు తిరిగితే ఆ పెదవి కింద లోహం సెకనుకు దాదాపు 8 మీటర్ల వేగంతో పరిగెడుతోంది. పెదవి నిజానికి లోహాన్ని నేరుగా రాసుకోదు, రెండిటి మధ్య చాలా పల్చటి ఆయిల్ పొర ఉంటుంది, పెదవి రెండు వైపుల వాలు వేరువేరుగా ఉండడం వల్ల తిరుగుతున్నంతసేపూ ఆ ఆయిల్‌ని లోపలికే తోస్తూ ఉంటుంది. అంటే సీల్ మూత కాదు, ఒక చిన్న పంపు. ఇది అర్థమైతే మిగతా జాగ్రత్తలన్నీ వాటంతటవే అర్థమవుతాయి. నా పాత సీల్ పెదవి గోళ్లతో నొక్కితే నొక్కుకోలేదు, వేడికి గట్టిపడి ప్లాస్టిక్‌లా అయిపోయింది. మామూలు నైట్రైల్ రబ్బరు సుమారు 100 డిగ్రీల దాకా హాయిగా ఉంటుంది, ఆపై వేడి ఏళ్ల తరబడి తగిలితే బిరుసెక్కుతుంది. ఫ్లోరోకార్బన్ రబ్బరు రకం 200 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది, దొరికితే అదే కొనండి.

కొత్త సీల్ పెదవికి ఆయిల్ రాసి, స్ప్రింగు ఊడకుండా వెనక కొంచెం గ్రీజు పెట్టి, స్ప్రింగు ఉన్న వైపు ఇంజన్ లోపలికి ఉండేలా పెట్టాను. సీల్ బయటి అంచుకి సరిపోయే పైపు ముక్క ఆనించి, చుట్టూ కొద్దికొద్దిగా తడుతూ పాతది ఉన్న లోతుకే దించాను. (టెఫ్లాన్ పెదవి సీల్ అయితే ఆయిల్ రాయకూడదు, పొడిగానే పెట్టాలి. పెట్టె మీద రాసి ఉంటుంది, మనం చదవం.) పుల్లీని సుత్తితో కొట్టి ఎక్కించకూడదు, ఆ దెబ్బ క్రాంక్ ముందుకీ వెనక్కీ జరగకుండా ఆపే థ్రస్ట్ బేరింగ్ మీద పడుతుంది. మర ఉన్న పొడుగు రాడ్డూ నట్టూ వేసి లాగి ఎక్కించాలి. పుల్లీ క్రాంక్ మీద జారకుండా పట్టే కీ గాడిలో ఒక చుక్క సిలికాన్ పేస్టు పెట్టాలి, లేకపోతే ఆ గాడి వెంబడి కూడా ఆయిల్ ఊరుతుంది. కంపెనీ మాన్యువల్ చెప్పిన టార్క్‌కి బోల్టు బిగించాను. కొన్ని ఇంజన్లలో ఆ బోల్టు ఒక్కసారికే, మళ్లీ వాడకూడదు.

అంతా పొడిగా ఉంది. ఒక వారం, రెండు వారాలు. తమ్ముడికి రెండుసార్లు చూపించాను. ఇల్లు అలకగానే పండగ కాదని మూడో వారం తెలిసింది. అదే అర్ధచంద్రం, అదే చోట.

చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. ఒక్క నిమిషంలో తీర్పు ఇచ్చాడని మెకానిక్ మీద రుసరుసలాడాను కదా, నేను చేసిందీ అదే. "ఎక్కడ" అన్నది రెండు రోజులు ఓపిగ్గా వెతికాను, "ఎందుకు" అన్నది అసలు అడగలేదు. ఏళ్ల తరబడి బాగున్న సీల్ ఈ ఏడాదే ఎందుకు పోయింది? పాతబడింది కాబట్టి, అనేసుకున్నాను.

ఇంజన్ లోపల పిస్టన్ రింగుల సందుల్లోంచి కొంత మంట గాలి ఎప్పుడూ కిందికి, క్రాంక్ ఉండే గదిలోకి దూరుతూనే ఉంటుంది. అది బయటికి పోవడానికి పీసీవీ వాల్వు అని చిన్నది ఉంటుంది, పెట్రోల్ ఇంజన్‌లో ఆ గాలిని తిరిగి ఇన్‌టేక్‌లోకి పంపుతుంది. అది మూసుకుపోతే గాలి పోయే దారి లేక ఒత్తిడి పెరుగుతుంది, ఎక్కడ మెత్తగా ఉంటే అక్కడి నుంచి ఆయిల్‌ని తోసుకుని బయటపడుతుంది. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు దెబ్బ సీల్ తింటుంది. ఇది చూడడానికి ఒక్క నిమిషం చాలు. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తీసి ఆ నోటి మీద పల్చటి కాగితం పెట్టండి, అది నెమ్మదిగా లోపలికి అతుక్కోవాలి. నాది గాలిపటంలా పైకి లేచింది. వాల్వు ఊడదీసి ఊపితే లోపల గలగలమనాలి (అన్ని రకాలూ అనవు, స్ప్రింగు రకానిదే అంటుంది), నాది ముద్దగా మూగబోయి ఉంది. లోపలంతా జిగురు. కొత్త వాల్వు వేసినా కాగితం ఇంకా పైకే లేస్తే రింగులు అరిగి ఉండవచ్చు, అదే అయితే ఎన్ని సీళ్లు మార్చినా దండగే.

రెండోసారి పుల్లీ లాగినప్పుడు ఇంకొకటి కనబడింది, మొదటిసారి చూడాల్సింది. సీల్ పెదవి ఆనేది క్రాంక్ మీద కాదు, పుల్లీ హబ్ మీద. ఆ హబ్‌ని తుడిచి ఎండలో తిప్పి చూస్తే చుట్టూ సన్నటి మెరిసే గీత, గోరుతో అడ్డంగా గీస్తే ఠక్కున ఆగింది. మెత్తటి రబ్బరు గట్టి ఇనుములో గాడి కోసింది, అంటే దుమ్ము, వేడి, ఇన్నేళ్ల తిరుగుడు. గోరు ఆగిందంటే కొత్త పెదవి కూడా అక్కడ సరిగ్గా కూర్చోదు. గీత కనబడుతూ గోరుకి తగలకపోతే పర్వాలేదు. తగిలితే దానికి పల్చటి స్టెయిన్‌లెస్ స్లీవ్ తొడగాలి, మందం పావు మి.మీ. కన్నా కొంచెం ఎక్కువంతే, అందుకే సీల్ సైజు మార్చక్కర్లేదు. లేదా కొత్త సీల్‌ని గాడి మీద కాకుండా ఒక మి.మీ. అటో ఇటో కూర్చోబెట్టవచ్చు, చోటుంటే. కొందరు ఎమెరీ కాగితంతో రుద్దేస్తారు. రుద్దితే చుట్టూ నేరుగా రుద్దాలి, ఏటవాలుగా రుద్దితే ఆ గీతలు స్క్రూ మరలాగా పనిచేసి ఆయిల్‌ని తామే బయటికి తోడి పోస్తాయి. పంపుకి ఎదురుగా ఇంకో పంపు పెట్టినట్టు.

స్లీవ్ తొడిగాను, వాల్వు మార్చాను, సీల్ ఇంకొకటి వేశాను. రెండు కారణాల్లో అసలు దొంగ ఎవరో నాకు ఎప్పటికీ తెలియదు, రెండూ ఒకేసారి సరిచేశాను కాబట్టి. శాస్త్రం ప్రకారం ఒక్కొక్కటే మార్చి చూడాలి. మూడోసారి ఆ బోల్టు విప్పే ఓపిక నాకూ, బ్రేకు తొక్కే ఓపిక తమ్ముడికీ లేవు.

మరి నిజంగానే బ్యాక్ సీల్ పోతే? అప్పుడు నేను అంత గట్టిగా వాదించను. గేర్ బాక్స్ చాలా బరువుంటుంది, ఫోర్ వీల్ డ్రైవ్ అయితే ట్రాన్స్‌ఫర్ కేసు (నాలుగు చక్రాలకీ శక్తి పంచే పెట్టె) అదనం. నేల మీద పడుకుని దాన్ని గుండెల మీదికి దించుకునే పని కాదు, దానికి తగిన జాకీ, ఛాసిస్ కింద గట్టి స్టాండ్లు కావాలి, ఉత్త జాకీ మీద బండి నిలబెట్టి కింద దూరడం ఎప్పుడూ పనికిరాదు, అది ఆయిల్ మార్చడానికైనా సరే. ఆటోమేటిక్‌లో క్లచ్ స్థానంలో ఉండే టార్క్ కన్వర్టర్ పూర్తిగా లోపలికి కూర్చోకుండా బోల్టులు బిగిస్తే గేర్ బాక్స్ పంపు నలిగిపోతుంది. పాత బండ్లలో కొంత నయం. షెవర్లే స్మాల్ బ్లాక్ వీ8 అనే అమెరికన్ ఇంజన్‌కి 1986లో ఒకే ముక్క బ్యాక్ సీల్ వచ్చింది, అంతకు ముందువాటిలో రెండు ముక్కల సీల్, గేర్ బాక్స్ ముట్టుకోకుండా కింది నుంచి చాంబర్ దించి మార్చేవాళ్లు. కాబట్టి బ్యాక్ సీల్ పని షెడ్డుకే ఇవ్వండి, నాకు అభ్యంతరం లేదు. కానీ ఆ రేకు మూత తీసి లోపల తడి ఉందని మీ కళ్లతో చూశాక ఇవ్వండి. ఎలాగూ దించారు కాబట్టి క్లచ్ ప్లేట్ కూడా చూడమనండి, ఆయిల్ తగిలిన ప్లేట్ జారుతుంది.

సీసాలో దొరికే లీకేజీ మందు గురించి అడుగుతారని తెలుసు. అది గట్టిపడ్డ రబ్బరుని మెత్తబరిచి కొంచెం ఉబ్బేలా చేస్తుంది. సీల్ బిరుసెక్కి కొంచెం చెమర్చే బండికి కొన్నాళ్లు పనిచేయవచ్చు, మోసమని అనను. కానీ నా హబ్ మీది గాడిని అది పూడ్చదు, నా వాల్వు జిగురుని వదిలించదు. కారణం తెలియకుండా పోస్తే అదీ ఒక నిమిషం తీర్పే.

ఇంకోటి, మరక చూసి భయపడకండి, మరక చూసి ధైర్యం కూడా తెచ్చుకోకండి. బండి కింద పరిచిన అట్ట మీద నాలుగు బొట్లు పడితే పాకి అరచేయంత అవుతాయి, సుమారు 20 బొట్లయితే గాని ఒక మిల్లీలీటరు కాదు. అదే ఇంజన్ నడుస్తుండగా నిమిషానికి ఒక్క బొట్టు చొప్పున రోజంతా పోతే 72 మిల్లీలీటర్లు, రెండు వారాలు అలా నడిస్తే ఒక లీటరు, అంటే చాలా ఇంజన్లలో డిప్ స్టిక్ మీద రెండు గీతల మధ్య ఉండేదంతా. దారిలో కారేది ఇంటి దగ్గర అట్ట మీద కనబడదు. కొలత అట్ట కాదు, డిప్ స్టిక్. బొట్టు వేడి సైలెన్సర్ పైపు మీద పడుతూ పొగ వస్తుంటే మాత్రం లెక్కలు వేయకుండా బండి ఆపేయండి.

ఇది జరిగి నాలుగు నెలలైంది. ముందు భాగం పొడిగా ఉంది, కాగితం లోపలికే అతుక్కుంటోంది. పోయిన ఆదివారం ట్యాపెట్ కవర్ వెనక మూలన వేలు పెడితే కొంచెం జిడ్డు తగిలింది. ప్యాకింగ్ కొని తెచ్చి డ్రాయర్‌లో పెట్టాను, కానీ ఇంకా విప్పలేదు. కడిగి పౌడర్ చల్లాను. ఇవాళ మూడో రోజు, ఇంకా తెల్లగానే ఉంది.